ఐన్ లౌజ్ మీదుగా భద్రాచలం

భద్రాచలం వెళ్ళొచ్చానంటే మా మధిరలో ఎవరైనా మొదట అడిగేది "దర్శనం బాగా జరిగిందా?" అనే. జరగలేదు. మెట్ల కింద నిలబడి, పైకి ఒక దణ్ణం పడేసి, పోస్టాఫీసుకు పరుగెత్తాను. "అదేం యాత్రమ్మా!" అని ముక్కున వేలేసుకున్న వాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. రాస్తే నాకైనా అర్థమవుతుందేమోనని ఇంకో ఆశ. వెళ్ళేటప్పుడు సగం అర్థం కాలేదు. తిరిగొచ్చేసరికి ఆ అర్థమైన సగం కూడా చేజారిపోయింది.

మధిర: ఎమ్మెల్యే వచ్చాడట

నబీల్ ఒకప్పుడు మా ఇంట్లో అద్దెకుండేవాడు. డెబ్బైల్లో మేం హైదరాబాదు విద్యానగర్‌లో ఉన్న రోజులవి. మేడ మీది గదిలో దిగిన పాలస్తీనా కుర్రాడు, ఇంజనీరింగు విద్యార్థి. నిజానికి అతను పుట్టింది పాలస్తీనాలో కాదు, లెబనాన్‌లోని ఒక శరణార్థి శిబిరంలో. తల్లిదండ్రులు ఊరొదిలి పారిపోయి వచ్చాక అక్కడ పుట్టాడు. మా పాలవాడి దగ్గర, రిక్షావాళ్ళ దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. అందుకే నాకంటే చిక్కటి తెలంగాణ మాట్లాడతాడు. నన్ను అక్కా అంటాడు.

పన్నెండేళ్ళ తర్వాత, ఎనభైల చివర ఒక వేసవిలో, ఉత్తరం ముక్కైనా రాయకుండా మధిర స్టేషన్లో దిగాడు. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది. ఆవకాయ కలిపి పెడితే కళ్ళల్లో నీళ్ళు కారుస్తూ తినడం మాత్రం మారలేదు.

"ఇప్పుడేం చేస్తున్నావురా?" అన్నాను.

"పార్టీల ఉన్న అక్కా. కౌన్సిల్ మెంబర్‌ని."

నేను ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెబుతాను. పార్లమెంటు, అసెంబ్లీ, పంచాయతీ, అన్నీ నల్లబల్ల మీద గీసి మరీ చెబుతాను. కాబట్టి కౌన్సిల్ అనగానే అర్థమైపోయిందనుకున్నాను. సాయంత్రం పక్కింటి వెంకట్రామయ్య గారు "ఎవరండీ ఆ తెల్లాయన?" అని అడిగితే, "వాళ్ళ దేశంలో ఎమ్మెల్యే లాంటివాడు లెండి" అనేశాను. వెంకట్రామయ్య గారిది కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. పత్తి, వరి, కొంచెం వడ్డీ వ్యాపారం. ఆయన దృష్టిలో ఎమ్మెల్యే ఏ దేశంవాడైనా ఎమ్మెల్యేనే. తెల్లారేసరికి నిమ్మకాయ పట్టుకుని వచ్చి కూర్చున్నారు.

"మా చేలోకి కల్వర్టు పడితే బాగుంటుందండీ. మీరొక మాట చెబితే..."

"అన్నా, నేను ఎమ్మెల్యే కాదు," అన్నాడు నబీల్.

"మరి?"

నబీల్ ఓపిగ్గా చెప్పాడు. వాళ్ళ పార్టీకి ఒక మహాసభ ఉంటుంది, అది ఎన్నో ఏళ్ళకోసారి గానీ జరగదు. పైన ఒక చిన్న కమిటీ ఉంటుంది, రోజువారీ పెత్తనం దానిది. ఈ రెంటికీ మధ్య, కమిటీని అడగడానికీ నిలదీయడానికీ, వందకు అటూ ఇటూ మందితో ఒక కౌన్సిల్ ఉంటుంది. పార్టీ లోపలి కౌన్సిల్. ఒక పెద్దాయన చనిపోతే ఆ చోటులో ఇతన్ని తీసుకున్నారు.

"అంటే దేశం మీద అధికారం లేదా?"

"దేశమే లేదన్నా."

వెంకట్రామయ్య గారు నా వైపు జాలిగా చూసి, నిమ్మకాయ మాత్రం ఇచ్చి వెళ్ళిపోయారు. లేని దేశానికి పార్టీ, ఆ పార్టీకి లోపల కౌన్సిల్, ఆ కౌన్సిల్లో చచ్చిపోయినాయన కుర్చీ. నాకు బల్ల మీద గీయడం కూడా చేతకాలేదు.

ఖమ్మంలో, పాల్వంచలో కార్మిక సంఘాల వాళ్ళు అతని చేత మాట్లాడించాలని ఏర్పాట్లు చేశారు. పాల్వంచ విద్యుత్ కేంద్రంలో ఇంజనీరు సుధాకర్, నబీల్‌కు క్లాస్‌మేటు, అంతా అతనే కుదిర్చాడు. మావారికి బ్యాంకు ఆడిట్లు. "సెలవులేగా, నువ్వెళ్ళిరా" అన్నారు. భద్రాచలం కూడా చూసి రావచ్చని బయల్దేరాను.

ఖమ్మం: అక్కడ లేనివాడు హాజరు

ఎండ మాడు పగలగొడుతోంది. బస్టాండు దగ్గర మెస్సులో భోంచేశాం. గోంగూర పప్పు, దోసకాయ పచ్చడి, అడిగినంత అన్నం, ఆరు రూపాయలు. నెయ్యికి వేరే. నబీల్ వాళ్ళ ఇళ్ళలో అన్నం పెద్ద పళ్ళెంలో పోసి అందరూ చుట్టూ కూర్చుని తింటారట. మన దగ్గర ఎవరి విస్తరి వారిది, ఎంగిలి తగిలితే గొడవ. "మీరు అన్నం పంచుకోరు గానీ ఊళ్ళో ముచ్చట్లన్నీ పంచుకుంటరు," అని నవ్వాడు.

సభ చిన్న హాల్లో. పంకా కింద కూర్చోవడానికే సగం మంది వచ్చారేమో తెలీదు గానీ, ప్రశ్నలు మాత్రం గట్టిగానే వేశారు. ఒక బీడీ కార్ఖానా ఆయన లేచాడు.

"మీ కౌన్సిల్ ఏడ కూసుంటది?"

"ఏ దేశం రానిస్తే ఆడ. ఆఖరి దాంక మాక్కూడ చెప్పరు."

"మరి మీ మెంబర్లల్ల జైల్ల ఉన్నోళ్ళ సంగతేంది?"

"వాళ్ళకు గూడ కుర్చీలుంటయ్. ఖాళీగ ఉంచుతం. పేర్లు చదివేటప్పుడు వాళ్ళ పేరు వస్తే పక్కోడు 'హాజర్' అంటడు."

హాలంతా చప్పట్లు. నేనొక్కదాన్నే కొట్టలేదు. మా బళ్ళో ఒకరి పేరుకు ఇంకొకరు పలికితే దొంగ హాజరు అంటాం, బెంచీ ఎక్కిస్తాం. పదిహేనేళ్ళుగా ఆ పనికి శిక్షలు వేస్తున్న దాన్ని. తర్వాత అదే మాట అతనితో అంటే, "గదేంది అక్కా, వాడు లేడని అబద్ధం చెప్పాల్నా?" అన్నాడు. ఏది అబద్ధమో ఏది నిజమో అక్కడికక్కడే తిరగబడింది. నాకు కోపమొచ్చి సోడా తాగాను.

పాల్వంచ: మూడుసార్లు మోగిన ఫోను

పాల్వంచలో పొగగొట్టాలు ఊరికి ముందే కనబడతాయి. కాలనీలో ఆరేసిన బట్టల మీద బూడిద పడుతుంది. సుధాకర్ భార్య వడియాలు పెట్టి వాటి మీద పాత చీర కప్పింది, ఆ చీర నల్లగా ఉంది. షిఫ్టు కూత వినబడగానే బస్సులు నిండుతాయి, ఖాళీ అవుతాయి. నా ప్రాణానికి ఆ ఊరు నచ్చింది. అక్కడ ఎవరికైనా ఎక్కడ ఉండాలో, ఎప్పుడు లేవాలో తెలుసు.

కాళ్ళు కడుక్కునే లోపలే సుధాకర్ అన్నాడు, "ఢిల్లీ నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది నబీల్. హసన్ అంట. చాలా కోపంగ ఉన్నడు."

నబీల్ ముఖం చూశాక అప్పుడు నాకు అర్థమైంది. ఇతను మమ్మల్ని చూడటానికి రాలేదు. దాక్కోవడానికి వచ్చాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర సుధాకర్ పట్టుబడితే చెప్పాడు. కౌన్సిల్ కూర్చోబోతోంది. వాళ్ళ ముందుకు ఒకటే ప్రశ్న రాబోతోంది. మొత్తం దేశం ఇక రాదు, ఒక ముక్క దొరికితే దాన్ని దేశమనుకుని సరిపెట్టుకుందామా? అవునంటే చెయ్యెత్తాలి. మిగిలిన ముక్క మీద ఆశ వదులుకున్నట్టే. నబీల్ తండ్రి పుట్టిన ఊరు, ఐన్ లౌజ్, ఆ వదులుకునే వైపున ఉంది.

"నాయన శిబిరంల ఉన్నడు. పో, కానీ చెయ్యెత్తకు అన్నడు," అన్నాడు. "హసన్ మా కౌన్సిల్ల పెద్ద మనిషి, ఢిల్లీ ఆఫీసుల ఉంటడు. ఎత్తాలె, లేకుంటే శిబిరాలల్ల పుట్టిన పిల్లలు శిబిరాలల్లనే సస్తరు అంటడు. ఇద్దరూ నిజమే చెప్తున్నరు."

"నువ్వేమంటావు?" అన్నాను.

"నేను పోనే పోను అంట. విమానం టికెట్టుకు జవాబు చెప్పే గడువు దాటిపోతే సరి. నా చెయ్యి లేకుండనే అయిపోతది."

సుధాకర్ ఎత్తమన్నాడు. అతని భార్య, తండ్రి మాట కాదంటే పాపమంది. నేను గంటకొక మాట చెప్పాను. అవునన్నప్పుడు ముసలాయన గుర్తొచ్చేవాడు, కాదన్నప్పుడు పిల్లలు. ఒకరి ఊరు పోయే విషయంలో పప్పు గిన్నె చుట్టూ కూర్చుని మేం తీర్పులివ్వడమేమిటని సిగ్గు కూడా వేసింది.

మర్నాడు విద్యుత్ కేంద్రం గేటు దగ్గర నబీల్ మాట్లాడాక, ఒక కాంట్రాక్టు కూలీ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పేరు పాయం ముత్తయ్య, కోయవాడు. బక్కపలచని మనిషి, నలభై ఉంటాయేమో.

"సారూ, మీరు ఊరు లేదన్నరు, అయినా కూసుంటమన్నరు. మా ఊరు గూడ లేదు. ఆనకట్ట కట్టినప్పుడు నీళ్ళల్ల పోయింది. మూడు గూడేలల్ల ఉంటున్నం. కానీ ఎండకాలం ఒకసారి ఆ ఊరోళ్ళమే కూసుంటం. రేపు ఉంది. రాండ్రి."

నబీల్ వెంటనే ఒప్పుకున్నాడు. కౌన్సిల్ నుంచి పారిపోతున్న మనిషికి ఇంకో కౌన్సిల్ మీద అంత మోజేమిటో నాకు బోధపడలేదు.

నీళ్ళు తగ్గిన చోట

సుధాకర్ ఇచ్చిన జీపు అడవి దారిలో పంక్చరయింది. మారుచక్రం ఉంది, దాన్ని బిగించే స్పానరు లేదు. డ్రైవర్ని అక్కడే వదిలి నడిచాం. దారి పక్కన కల్లాల్లో తునికాకు కట్టలు ఎండుతున్నాయి. ఇప్పపువ్వు కాలం అయిపోవచ్చింది, చెట్ల కింద ఇంకా ఆ తియ్యటి మత్తు వాసన ఉంది. నా చెప్పు తెగింది. తుమ్మ ముల్లు గుచ్చుకుంది. "ఓ రామచంద్రా!" అన్నాను. ఆ యాత్రలో నేను రాముణ్ణి నోరారా తల్చుకున్నది అదొక్కసారే.

ఆనకట్ట వెనక, చెరువంత కాదు, సముద్రమంత నీళ్ళు. వేసవికి వెనక్కి తగ్గాయి, ఒడ్డున ఎండిన బురద పెచ్చులు లేచి ఉంది. మోడులు పైకి వచ్చాయి. అక్కడ ఒక ఇప్ప చెట్టు కింద మూడు గూడేల వాళ్ళూ కూర్చున్నారు, ఆడా మగా కలిపి నలభై యాభై మంది. మాకు ఆకు దొప్పల్లో జొన్న అంబలి పోశారు. తర్వాత జీలుగు కల్లు వచ్చింది. నబీల్ గుటక వేశాడు. నేను టీచర్నని ముత్తయ్య ముందే చెప్పేశాడు కాబట్టి మూతి తడుపుకుని ఊరుకున్నాను. మూతి మాత్రం రెండుసార్లు తడుపుకున్నాను.

అంతా కోయ భాషలో నడిచింది. ముత్తయ్య పక్కన కూర్చుని మాకు తెలుగులో చెబుతున్నాడు. పోయిన భూమి గురించి పెద్ద చర్చ ఉంటుందని నబీల్ ముందుకు వంగి కూర్చున్నాడు. చర్చ ఒక ఎద్దు గురించి. ఒకరి ఎద్దు ఇంకొకరి జొన్న మేసింది. ఆ తర్వాత భూమి పండగ ఎప్పుడు చెయ్యాలన్నదాని మీద ఒక గూడెం అలిగింది. మా టీచర్ల మీటింగు ఇంతకంటే గొప్పగా ఏం ఉండదు.

అయితే వీటన్నిటికీ ముందు ఒకటి జరిగింది. కన్నమ్మ అనే ముసలామె లేచింది. నీళ్ళ వైపు చూపించి ఒక చేను గురించి చెప్పింది.

"మా నాయిన చేను చెప్తున్నది," అన్నాడు ముత్తయ్య గొంతు తగ్గించి. "గుట్ట కింద, రెండు ఇప్ప చెట్లు, నడుమ పుట్ట. అది మాది."

ఆమె కూర్చోగానే ముత్తయ్య లేచాడు. తనది చెబుతాడనుకున్నాను. కాదు, ఇంకెవరిదో చేను చెప్పాడు. వాళ్ళు లేచి మరొకరిది చెప్పారు. అలా నీళ్ళలో ఉన్న చేలన్నీ ఒక్కొక్కటీ పైకి వచ్చాయి. ఎవరిదీ వాళ్ళు చెప్పుకోలేదు. మధ్యలో గొడవలు కూడా వచ్చాయి, పుట్ట ఉన్నది ఉత్తరానా దక్షిణానా అని. ఒక నడివయసాయన పొరపాటున తన ఇంటి చింత చెట్టు మాట ఎత్తబోతే అందరూ నవ్వి కూర్చోబెట్టారు.

"ఎందుకట్లా?" అన్నాను.

"ఎవనిది వాడు చెప్పుకుంటే ఏడుపైతదమ్మా. పక్కోడు చెప్తే సాక్ష్యమైతది. నాది నేనే చెప్తే రేపు నేను సస్తే ఎవరికి తెలుస్తది?"

నాకు ఠక్కున మా ఇళ్ళు గుర్తొచ్చాయి. మేం మొగుడి పేరు నోటితో చెప్పం. ఓటర్ల లిస్టు వాళ్ళు వచ్చి ఆయన పేరేమిటమ్మా అంటే పక్కింటావిడని పిలిచి చెప్పిస్తాం. ఆయనకు ఆయుష్షని పెద్దవాళ్ళు చెప్పారు. నేను సోషల్ టీచర్నయ్యుండీ ఇప్పటికీ చెప్పను.

ఎద్దు గొడవకి ముందు కన్నమ్మ నబీల్ వైపు తిరిగింది. ఈయన ఊరు గూడ పోయిందట గదా, అంది. నబీల్ గబుక్కున లేచాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. నోరు తెరిచాడు.

"నువ్వు చెప్పొద్దు," అని ఆపేసింది ఆమె, ఈసారి తెలుగులోనే. "నీ పక్కన ఉన్నామె చెప్పాలె."

అందరూ నా వైపు చూశారు. ఆ పేరు నాకు తెలుసు. విద్యానగర్‌లో మేడ మీది గది తలుపు మీద సుద్దముక్కతో మూడు లిపుల్లో రాసుకున్నాడు. నాలుగేళ్ళు ఆ తలుపు తుడిపించకుండా ఉంచాను. లేచి నిలబడి, "ఐన్ లౌజ్" అన్నాను. "అంటే బాదం చెట్ల ఊట."

"ఊట ఏ దిక్కున?" అంది కన్నమ్మ.

తెలియదు. నబీల్ వైపు చూశాను.

"నాక్కూడ తెల్వదు," అన్నాడు మెల్లగా. "నేను పుట్టకముందే పోయింది. నేనెన్నడు సూడలె."

కన్నమ్మ మాత్రం చాలా మామూలుగా అంది, "పక్క ఊరోళ్ళు ఎవరన్న ఉంటరు గద. అడుగు."

తర్వాత ఎద్దు గొడవలోకి వెళ్ళిపోయారు.

బూర్గంపాడు: కోపం

ఎక్కడో స్పానరు సంపాదించిన డ్రైవరు, సాగుతూ ఆగుతూ జీపులో మమ్మల్ని బూర్గంపాడు చేర్చాడు. అక్కడ నుంచి గోదావరి అవతలే భద్రాచలం. బస్సు కోసం ఒక టీ బండి దగ్గర కూర్చున్నాం. మిర్చి బజ్జీలు రూపాయికి నాలుగు. నబీల్ ఒకటి కూడా ముట్టుకోలేదు.

నేనే నోరు జారాను. "వెళ్ళకపోతే తప్పించుకున్నట్టే కదా నబీల్. వాళ్ళు చూడు, ఎంత హాయిగా..."

"హాయిగనా?" అంటూ తిరిగాడు. అతనంత గట్టిగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. "వాళ్ళను ఎవరన్న అడిగిన్రా అక్కా, మీ ఊరు మునగనిస్తరా అని? అడగలె. నీళ్ళొచ్చినయ్, పోయింది. నన్ను అడుగుతున్నరు. నా చేత్తో ముంచమంటున్నరు. నీ మధిర ఇడిసిపెట్టమని ఎవడన్న అడిగిండా నిన్ను?"

టీ బండాయన గ్లాసు కడగడం ఆపేశాడు. నాకు ఏడుపొచ్చింది. అతను చెప్పింది నిజం కాబట్టి మరీ వచ్చింది. పోనీ ఎద్దు తగాదాలో తీర్పైనా విన్నాను గానీ ఇందులో తీర్పు నాకు కనబడలేదు. ఇప్పటికీ కనబడలేదు. పాఠం చెప్పేవాళ్ళకు ఒక జబ్బుంటుంది, చూసిన ప్రతిదాంట్లో నీతి వెదుకుతాం. కోయవాళ్ళ ఆనకట్ట వేరు, ఇతని ఊరు వేరు. ఆ మాట అతనితో చెప్పాను.

కాసేపటికి అతనే బజ్జీ విరిచి సగం నా చేతిలో పెట్టాడు. "వేరేనే," అన్నాడు. "కానీ ఊట ఏ దిక్కునో నాకు తెల్వదు. గా ముసలమ్మ అడిగేదాంక నాకు తెల్వదని గూడ తెల్వదు."

భద్రాచలం: పోస్టాఫీసు

వంతెన మీద నుంచి చూస్తే గోదావరి సగం ఇసుకే. ఇసుకలో పుచ్చకాయలు రాశులు పోసి అమ్ముతున్నారు. గుళ్ళో గంటలు వినబడుతున్నాయి. పసుపు బట్టల యాత్రికులు తడి తలలతో మెట్లెక్కుతున్నారు. నేనూ ఒక మెట్టు మీద కాలు పెట్టాను. వెనక నుంచి నబీల్, "అక్కా, పోస్ట్‌ఆఫీస్ ఎప్పుడు మూస్తరు?" అన్నాడు. చెప్పాను కదా, దణ్ణం పడేసి పరుగెత్తామని.

ఢిల్లీకి ట్రంకాల్ రాయించాం. బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నామో గుర్తు లేదు. కౌంటరు వెనక పెద్దాయన నాలుగుసార్లు "లైను లేదమ్మా" అన్నాడు. అయిదోసారి, "జల్దీ రాండ్రి సార్, ఢిల్లీ!" అని అరిచాడు.

నబీల్ అరబ్బీలో మాట్లాడాడు. అవతల హసన్ గొంతు బయటికి వినబడుతోంది, తిడుతున్నాడని తెలుస్తూనే ఉంది. నబీల్ విన్నాడు, విన్నాడు, ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడిగాడు. అందులో ఐన్ లౌజ్ అన్న మాట నాకు తెలిసింది.

అవతల గొంతు ఆగిపోయింది.

లైను పోయిందనుకుని పోస్టాఫీసాయన చెయ్యి చాచాడు. నబీల్ వద్దని సైగ చేశాడు. అప్పుడు మళ్ళీ ఆ గొంతు వచ్చింది, ఈసారి చాలా మెత్తగా. ఎంతో సేపు చెప్పింది. నబీల్ ఎడమ చేతిని గాల్లో కదుపుతున్నాడు, ఇటు, కాస్త పైకి, మళ్ళీ ఇటు, ఎవరో దారి చెబుతుంటే గుర్తుపెట్టుకునే మనిషిలా. చివర్లో తనే ఏదో అడిగాడు, గట్టిగా, పట్టుబట్టి. అవతలాయన నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు. లైను తెగింది.

బయటికి వచ్చాక, వేడి మెట్ల మీద కూర్చుని చెప్పాడు.

"ఊట తూర్పున ఉందట అక్కా. హసన్ వాళ్ళది పక్క ఊరు. చిన్నప్పుడు మా ఊట దగ్గరికే నీళ్ళకు వచ్చేటోడట. నాకెన్నడు చెప్పలె. నేనెన్నడు అడగలె. ఆ ఊరు గూడ అదే వైపున ఉంది. ఆయనది గూడ పోతది."

అప్పటిదాకా ఎత్తమన్నవాడికి పోయేదేమీ లేదని మేమనుకున్నాం. ఆ మాట విన్నాక నా లెక్కలన్నీ చెదిరిపోయాయి.

"మరి వెళ్తున్నావా?"

"పోత. కానీ ఒకటి అడిగిన. చెయ్యెత్తే ముందు పేర్లు చదవాలె. జైల్ల ఉన్నోళ్ళకు హాజర్ అంటం కద, గట్లనే. ఎవని ఊరు వాడు కాదు, పక్కోని ఊరు. అన్ని ఊర్లు."

"ఆయనేమన్నాడు?"

"గన్ని పేర్లు చదివితే మీటింగ్ అయిపోతది, ఓటు దాంక రామన్నడు." నబీల్ అరచేతుల్తో ముఖం రుద్దుకున్నాడు. "రాకపోతే రాకపోనీ, మొదలైతే పెడ్తం గద అన్న."

"ఓటు వస్తే? ఎత్తుతావా?"

"అదే నాకు తెల్వదక్కా," అన్నాడు. "నిజంగ తెల్వదు." ఆ అయోమయంలో అంత నెమ్మది ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. ఇసుకలోకి దిగి పుచ్చకాయ ముక్కలు కొనుక్కొచ్చి ఇద్దరం తిన్నాం. గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక ఇద్దరం చేతుల్లో పట్టుకు కూర్చున్నాం.

తిరుగు బస్సు

ఖమ్మం బస్సులో కిటికీ పక్క సీటు అతనికిచ్చాను. ఖమ్మంలో అతను ఢిల్లీ రైలెక్కాలి, నేను మధిర వెళ్ళాలి. వంతెన దాటుతుంటే తలతిప్పి నీళ్ళు చూస్తున్నాడు. నేను మనసులో ఆ పేరు పలికి చూసుకుంటున్నాను. గొంతులో ఎక్కడ పట్టాలో ఆ మొదటి అక్షరం నాకు సరిగ్గా రాదు. విద్యానగర్‌లో కూడా నవ్వేవాడు.

కండక్టరు సంచి సర్దుకుంటూ వచ్చాడు. నబీల్ భుజం తట్టి, "ఏడికి సార్?" అన్నాడు.

నబీల్ నోరు తెరిచి, ఆగి, నా వైపు చూశాడు. అతను నవ్వలేదు.

"ఐన్ లౌజ్," అన్నాను. "తూర్పున ఊట ఉంటుంది. బాదం చెట్లు."

కండక్టరు టికెట్ల కట్ట పట్టుకుని నా ముఖం కేసి, అతని ముఖం కేసి చూశాడు. బస్సులో వెనక సీట్ల వాళ్ళు కూడా చూశారు. పాపం మంచివాడు, కసురుకోలేదు. కాసేపు ఆలోచించాడు కూడా.

"గా ఊరు మన రూట్ల లేదమ్మా," అన్నాడు. "ఖమ్మం దాంక ఇయ్యనా?"